పక్క చేలో పేదల ఇళ్ళు వద్దని సంతకం పెట్టమంటున్నారు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు. భీమవరానికి దగ్గర అని మాత్రం చెప్పగలను. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆవిడా భర్తా ఊరి శివారున ఒక లేఅవుట్‌లో ఉంటున్నారు. ఒకప్పుడు అదంతా వరిచేను. మెరక చేసి ప్లాట్లు వేశారు. ఇల్లున్న ఐదు సెంట్లు, పక్కన ఖాళీగా ఉన్న ఇంకో ఐదు సెంట్లు, రెండూ ఆవిడ పేరు మీదే ఉన్నాయి. ఖాళీ ప్లాటు అమ్మి చిన్నమ్మాయి పెళ్ళి చెయ్యాలన్నది వాళ్ళ ఆలోచన. ఇంతలో లేఅవుట్‌కి తూర్పున ఉన్న నాలుగెకరాల చేను పేదల ఇళ్ళస్థలాలకి తీసుకుంటున్నారని కబురొచ్చింది. సర్వేయర్లు వచ్చి కొలతలు వేసుకుని వెళ్ళారు. ఆ వారంలోనే లేఅవుట్ అసోసియేషన్ మీటింగు పెట్టి, కలెక్టరుకి అర్జీ, వినకపోతే హైకోర్టులో పిటిషన్ అని తీర్మానించింది. ఇంటికి పదిహేను వేలు వెయ్యాలి, ప్లాటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు సంతకం పెట్టాలి. టీచరు గారి భర్త ఆ అసోసియేషన్‌కి కోశాధికారి.

పిటిషన్ కాగితంలో ముంపు గురించి, డ్రైనేజీ గురించి, ఇరుకు రోడ్డు గురించి రాశారు. మీటింగులో మాట్లాడుకున్నది వేరే. "పేటని తెచ్చి మన గుమ్మంలో పెడుతున్నారు, రేపు ఇక్కడ ప్లాటు ఎవడు కొంటాడు?" అని ఒక పెద్దమనిషి అంటే ఎవరూ కాదనలేదట. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో, "అమెరికాలో ఇలా కుదరదమ్మా, జోనింగ్ ఉంటుంది, అంటే ఎక్కడ ఏ రకం కట్టడం ఉండాలో ఊరే నియమం పెడుతుంది. విడి ఇళ్ళున్న చోట అపార్ట్‌మెంటు కూడా రానివ్వరు. అందుకే రేట్లు నిలబడతాయి. సంతకం పెట్టెయ్" అన్నాడు.

ఇక సత్యవతి. (ఈ పేరు నేను పెట్టింది.) చాలా ఏళ్ళుగా వాళ్ళింట్లో పని చేస్తోంది. భర్త చేపల చెరువుల మీద పట్టుబడికి, అంటే చేపలు పట్టే కూలికి వెళ్తాడు. కాలవ గట్టు మీద రేకుల ఇల్లు. ఈ మధ్యే గట్టు మీది ఇళ్ళన్నిటికీ ఖాళీ చెయ్యమని నోటీసులు అంటించారు. తూర్పు చేలో స్థలం ఇచ్చే జాబితాలో ఆమె పేరు ఉంది. "పిటిషన్ కాగితం డైనింగ్ టేబుల్ మీద ఉండగా ఆమె టేబుల్ తుడవడానికి వచ్చింది. ఆమెకి చదవడం నేనే నేర్పాను. గబుక్కున కాగితం బోర్లించేశాను. ఆ రోజు నుంచి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాశారు. చివరగా: "మొన్నటి వానలకి మా రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డ మాట నిజం. ఆ చేను కూడా మెరక చేస్తే నీళ్ళెక్కడికి పోతాయి? కాబట్టి కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. అయినా నాకు చెయ్యి రావడం లేదు. సంతకం పెడితే సత్యవతి మొహం చూడలేను, పెట్టకపోతే మా ఆయనకి మీటింగులో తలెత్తుకునే దారి ఉండదు. ఏం చెయ్యమంటారు?"

టీచరు గారూ,

ఆ కాగితంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నీళ్ళు, రెండోది మనుషులు. నీళ్ళ సంగతి నిజం. దాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల సంగతి తేల్చుకుంటున్నారు. మీకు చెయ్యి రానిది అందుకే. ఈ రెండింటినీ విడదీస్తే మీ ముందు ఇప్పుడు కనిపిస్తున్న రెండు దారులకంటే ఎక్కువే ఉన్నాయని తెలుస్తుంది.

ముందు నీళ్ళు చూద్దాం. డెల్టా పళ్ళెంలా చదునుగా ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. భీమవరం చుట్టుపక్కల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే. చేలో నీళ్ళు బోదె అనే చిన్న కాలవలోకి, బోదె నుంచి మురుగు కాలవలోకి, అక్కడినుంచి యనమదుర్రు లాంటి పెద్ద డ్రైనులోకి పోవాలి. ఎక్కడ ఒక చోట పూడ్చినా నీళ్ళు వెనక్కి తంతాయి. చుట్టూ చేపల చెరువుల గట్లు లేచాక ఈ బాధ ఇంకా పెరిగింది. ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మీ లేఅవుట్ చేనుగా ఉన్నప్పుడు అందులో ఉన్న బోదె ఏమైంది? మెరక చేసినప్పుడు దాన్ని పూడ్చేశారా, తూము పెట్టి మళ్ళించారా? మీ సైడు కాలవల నీళ్ళు ఎక్కడ కలుస్తున్నాయి?

చాలా లేఅవుట్లలో సైడు కాలవలు చివరి ప్లాటు దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి నీళ్ళు పక్కనున్న పల్లపు చేలోకి పడతాయి. మీ విషయంలోనూ అదే జరుగుతుంటే, తూర్పు చేను ఇన్నాళ్ళూ మీ మురుగునీటిని మోస్తోందన్న మాట. రేపు అక్కడ కాలనీ వచ్చినా రాకపోయినా, ఆ చేను ఎవరో ఒకరు కొని మెరక చేస్తే మీకు ఇదే ముంపు. అది పెద్ద ప్లాట్ల లేఅవుటే అయినా నీళ్ళకి తేడా తెలియదు. ఆ నాలుగెకరాలూ ఏ రియల్ ఎస్టేట్ ఆయనో కొని 300 గజాల ప్లాట్లు వేస్తానంటే మీ అసోసియేషన్ కోర్టుకి వెళ్ళేదా? దీనికి మీకు మీరు చెప్పుకునే జవాబే, పిటిషన్‌లో నీళ్ళ పాలు ఎంతో చెబుతుంది.

ఇక ముంపు వస్తే ముందు మునిగేది కొత్త కాలనీయే. పేదల స్థలాలకి మెరక చాలీచాలకుండా వేస్తారు, మీ రోడ్డు కంటే వాళ్ళ గడప పల్లంలో ఉంటుంది. 2020లో రాజమండ్రి దగ్గర బూరుగుపూడి ఆవ భూములు గుర్తుండే ఉంటాయి. వానాకాలం నీళ్ళు నిలిచే భూముల్ని ఇళ్ళస్థలాలకి కొన్నారన్న వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. అంటే ముంపు అభ్యంతరం చిన్న విషయం కాదు. కానీ ఆ అభ్యంతరం సత్యవతి కోసం కూడా అడగవలసింది.

ఇప్పుడు మనుషుల సంగతి. సత్యవతి కాలవ గట్టు మీదకి ఎందుకు వచ్చింది? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలవలు పారిన తర్వాత డెల్టాలో సెంటు భూమి కూడా ఖాళీగా మిగల్లేదు. ప్రతి చేనుకీ పట్టాదారు ఉన్నాడు. పట్టా లేనివి కాలవ గట్లు, డ్రైను గట్లు, పుంతలు, చెరువు గట్లు. ఊడ్పులకీ కోతలకీ మనుషులు కావాలి. ఆ మనుషులు ఉండటానికి మాత్రం ఎవరి పొలంలోనూ చోటు లేదు. దళితులకి ఊరి అంచున పేట. అక్కడ కుటుంబాలు పెరిగి ఇళ్ళు విడిపోయాక స్థలం చాలనివాళ్ళకీ, వేరే ఊరినుంచి పనికి వచ్చినవాళ్ళకీ, చేపల పట్టుబడి వాళ్ళకీ గట్టు. వాళ్ళు ఏ ఆక్రమణ బుద్ధితోనో అక్కడికి చేరలేదు. డబ్బిచ్చి కొందామన్నా వాళ్ళు కొనగలిగిన సైజులో చట్టబద్ధమైన స్థలం ఎవరూ అమ్మరు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. లేఅవుట్ వెయ్యాలంటే వెడల్పు రోడ్లు వదలాలి, పది శాతం ఖాళీ జాగా వదలాలి, కాలవలు, కరెంటు స్తంభాలు వెయ్యాలి. ఇవి మంచి నియమాలే. అవి లేకుండా వేసిన లేఅవుట్లలో ఉన్నవాళ్ళ అవస్థ మీకూ తెలుసు. అయితే ఆ ఖర్చంతా సెంటు ధరలో కలుస్తుంది. పైగా రెండు సెంట్లు, మూడు సెంట్ల ప్లాట్లు వేస్తే లేఅవుట్ పరువు తగ్గుతుందని చాలామంది వెయ్యరు. ఐదు సెంట్ల కింద దొరకడం అరుదు. చేపల పట్టుబడి కూలితో ఐదు సెంట్లు ఈ జన్మలో కొనలేరు. మన ఊళ్ళో ఎవరు ఎక్కడ ఉండాలో ఇప్పుడు ఏ చట్టమూ చెప్పదు. ప్లాటు సైజూ ధరా ఆ పని చేస్తున్నాయి.

అందుకే ప్రభుత్వం ఇచ్చే స్థలం తప్ప వాళ్ళకి మార్గం లేదు. ప్రభుత్వం ఇచ్చేటప్పుడూ ఉన్న డబ్బుతో ఎక్కువ మందికి సర్దాలి కాబట్టి చవకైన భూమి వెతుకుతుంది. డెల్టాలో చవకైన భూమి అంటే దూరంగా ఉన్నదో, మునిగేదో. 2020లో పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో ఒకటిన్నర సెంటు ఇచ్చారు. సెంటంటే 48 గజాల చిల్లర. అది చాలదన్న విమర్శ వచ్చి, 2025లో పట్టణాల్లో రెండు, గ్రామాల్లో మూడు సెంట్లు ఇవ్వాలని నిర్ణయించారు. పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించిన టిడ్కో అపార్ట్‌మెంట్లయితే 300, 365, 430 చదరపు అడుగులు. సైజు గురించి అన్ని ప్రభుత్వాలూ మాట్లాడాయి. ఎక్కడ ఇస్తున్నామన్నది మాత్రం తక్కువగా మాట్లాడాయి. చెన్నైలో మురికివాడల వాళ్ళని ఊరికి దూరంగా కన్నగి నగర్‌కి తరలించినప్పుడు పక్కా ఇల్లు వచ్చింది, ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళలో చాలామందికి పని పోయింది. బస్సులకే కూలి సరిపోయేది. ఆ లెక్కన మీ తూర్పు చేను మంచి ఎంపిక. పనిచేసే ఇళ్ళకి నడిచి రావచ్చు, పిల్లలు అదే బడికి వెళ్ళొచ్చు. దాన్ని ఆపితే తర్వాత దొరికేది ఎక్కడో మీరు ఊహించుకోగలరు.

మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. అమెరికాలో జోనింగ్ ఉంది, దానివల్ల విడి ఇళ్ళ వీధుల్లో ధరలు నిలబడ్డాయి. అది ఎలా వచ్చిందో, దాని ఖర్చు ఎవరు భరించారో మీరు అతనికి చెప్పాలి. 1910లో బాల్టిమోర్ నగరం నల్లవాళ్ళు ఏ వీధుల్లో ఉండాలి, తెల్లవాళ్ళు ఏ వీధుల్లో ఉండాలి అని చట్టమే చేసింది. ఇంకొన్ని నగరాలు అదే బాట పట్టాయి. 1917లో లూయివిల్ నగరం కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టం చెల్లదని కొట్టేసింది. ఆ తర్వాత చాలా ఊళ్ళు మనిషి రంగు ఊసెత్తకుండా ఇంటి రకం గురించి నియమాలు రాసుకున్నాయి. ఇక్కడ కుటుంబానికో విడి ఇల్లే ఉండాలి, అపార్ట్‌మెంటు కూడదు, ప్లాటు ఇంతకంటే చిన్నది కాకూడదు అని. ఫ్యాక్టరీ పొగ ఇళ్ళ మధ్యకి రాకుండా చూడాలన్న మంచి ఉద్దేశమూ అందులో ఉంది, అది కాదనను. 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని ఒప్పుకుంది. ఆ తీర్పులో అపార్ట్‌మెంటుని విడి ఇళ్ళ మధ్య చేరే పరాన్నజీవి అన్నారు. మీ మీటింగులో ఆ పెద్దమనిషి అన్నమాట కూడా అలాంటిదే.

1930ల్లో ప్రభుత్వ సంస్థలే పటాలు గీసి, నల్లవాళ్ళు ఉండే ప్రాంతాలకి ఎర్ర రంగు పూశాయి. అక్కడ ఇంటి అప్పు ఇవ్వడం ప్రమాదమని దాని అర్థం. 1968లో ఇళ్ళ విషయంలో వివక్ష కూడదని చట్టం వచ్చింది. విడి ఇళ్ళ జోన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఉద్యోగాలు పెరిగిన నగరాల్లో కొత్త ఇళ్ళు కట్టడానికి చోటు లేక అద్దెలు ఆకాశానికి వెళ్ళాయి. 2024 జనవరిలో ఒక్క రాత్రి తీసిన లెక్కలో ఆ దేశంలో ఇల్లు లేనివాళ్ళు 7 లక్షల 70 వేలకి పైనే. తాగుడు, మత్తుమందులు, మతి స్థిమితం లేకపోవడం వల్లే వాళ్ళు రోడ్డున పడ్డారని చాలామంది అనుకుంటారు. కానీ మత్తుమందుల చావులు దేశంలోనే ఎక్కువున్న వెస్ట్ వర్జీనియాలో ఇల్లు లేనివాళ్ళ శాతం తక్కువ. అక్కడ అద్దెలు తక్కువ కాబట్టి. కాలిఫోర్నియాలో సంపద ఎక్కువ, అద్దెలు ఎక్కువ, ఇల్లు లేనివాళ్ళూ ఎక్కువ.

మీ అబ్బాయి ఉంటున్న టెక్సాస్ సంగతే చూడండి. 2025లో ఆ రాష్ట్రం, పెద్ద నగరాల్లో కొత్తగా వేసే పెద్ద లేఅవుట్లలో ప్లాటు కనీసం ఇంత ఉండాలని 3,000 చదరపు అడుగులకి మించి పట్టుబట్టకూడదని చట్టం చేసింది. మన లెక్కలో అది దాదాపు ఏడు సెంట్లు. హ్యూస్టన్ 1998లోనే నగరం లోపలి భాగంలో 1,400 అడుగుల ప్లాట్లకి, అంటే మూడు సెంట్ల చిల్లరకి, అనుమతి ఇచ్చింది. అక్కడ చిన్న చిన్న ప్లాట్లలో వేల ఇళ్ళు లేచాయి. మీ అబ్బాయి ఏ పద్ధతిని ఆదర్శంగా చూపిస్తున్నాడో, దాన్ని ఆ రాష్ట్రమే ఇప్పుడు సడలిస్తోంది. అతను తప్పు మనిషి కాదు. మీ డబ్బు గురించి బెంగపడి చెప్పాడు. నెమ్మదిగా చెప్పండి, వింటాడు.

మన దేశంలో ఇవన్నీ లేవని అనుకోకండి. అహ్మదాబాదులో పార్సీల హౌసింగ్ సొసైటీ తమవాళ్ళకి తప్ప ఇతరులకి అమ్మకూడదని పెట్టుకున్న నియమం చెల్లుతుందని 2005లో మన సుప్రీంకోర్టే చెప్పింది. ఇటు అమెరికాలో అలాంటి ఒప్పందాల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లోనే తీర్పు ఉంది. ఈ విషయంలో మనం వెనకబడి ఉన్నామని నా అభిప్రాయం.

ప్లాటు ధర భయం గురించి. అమ్మాయి పెళ్ళి దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోను. న్యూజెర్సీలో మౌంట్ లారెల్ అనే ఊళ్ళో ఇలాంటి గొడవే దశాబ్దాలపాటు నడిచింది. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పేదలకి చోటు లేకుండా జోనింగ్ నియమాలు రాసుకోవడం కుదరదంది. తర్వాత ఎన్నో ఏళ్ళకి అక్కడ పేదల ఇళ్ళు కట్టారు. నేరాలు పెరుగుతాయి, ధరలు పడిపోతాయి అని ఊరివాళ్ళు భయపడ్డారు. పరిశోధకులు చుట్టుపక్కల ధరలు పరిశీలించి చూస్తే ఆ భయం నిజం కాలేదు. అయితే అది న్యూజెర్సీ, ఇది భీమవరం. మన దగ్గర కులం పేరు చెప్పుకుని బేరం తగ్గించే కొనుగోలుదారులు ఉంటారు. కాలనీ కట్టే రెండు మూడేళ్ళూ అమ్మకం మందగించవచ్చు. కాలనీతో పాటు తారు రోడ్డు, మంచినీళ్ళ పైపు, డ్రైను వస్తే తర్వాత ధర పెరగనూ వచ్చు. కోర్టు కేసు నడుస్తున్న స్థలం పక్కన ప్లాటు కొనడానికీ జనం జంకుతారు, ఆ సంగతి మీటింగులో ఎవరూ చెప్పి ఉండరు. పెళ్ళి ఈ ఏడాదే ఉంటే, ప్లాటు అమ్మకం మీద ముహూర్తం పెట్టుకోకుండా బ్యాంకు అప్పు, పీఎఫ్ లాంటి వేరే దారి కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. సంతకం పెడితే ఇంట్లో, వీధిలో శాంతి ఉంటుంది. పిటిషన్ గెలవచ్చు, ఓడచ్చు. గెలవడం కంటే ఎక్కువగా జరిగేది ఆగిపోవడం. రాజధాని ప్రాంతంలో పేదల ఇళ్ళస్థలాలకని అమరావతిలో గీసిన ఆర్-5 జోన్ వ్యవహారం మీకు తెలుసు. రాజధాని కోసం భూములిచ్చిన రైతుల అభ్యంతరంలో న్యాయం ఉంది, ఒప్పుకున్న ప్లాను మార్చారు కదా అని వాళ్ళడిగారు. 2023 మే నెలలో పేదలకి పట్టాలిచ్చారు, ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలు ఆపమంది. కాగితం చేతికొచ్చినవాళ్ళు ఇల్లు లేకుండా నిలబడిపోయారు. మీ దగ్గర అలా ఆగితే గట్టు మీద ఖాళీ చేయించడం మాత్రం ఆగదు, ఎందుకంటే ఆ పని నీటిపారుదల శాఖది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షల మంది. రేకుల కప్పు ఉంది కాబట్టి గట్టు మీది కుటుంబాలు ఆ లెక్కలోకి రావు. కప్పు తీసేసిన రోజున వస్తాయి. సంతకం పెట్టేటప్పుడు ఇది తెలిసి పెట్టాలి.

సంతకం పెట్టకుండా ఊరుకోవడం రెండో దారి. ఆస్తి మీ పేరు మీద ఉంది, మీ బదులు ఇంకొకరు పెట్టడానికి లేదు. కానీ ఏమీ చెప్పకుండా పెట్టకపోతే మీ ఆయన మీద ఒత్తిడి పెరుగుతుంది. కోశాధికారి భార్యే పెట్టలేదంటారు. నీళ్ళ బాధ కూడా అలాగే ఉండిపోతుంది. మీ మనసుకి ఊరట, మరెవరికీ ఉపయోగం ఉండదు.

మూడో దారి ఎక్కువ శ్రమ. కాలనీ వద్దన్న కాగితం మీద కాకుండా, డ్రైనేజీ కావాలన్న కాగితం మీద సంతకం పెట్టడం. చేను మెరక చేసే ముందు మట్టాలు కొలవాలి, రెండు చోట్ల నీళ్ళూ పోయేలా తూము, ఔట్‌ఫాల్ డ్రైను వెయ్యాలి, పూడిన బోదె తెరవాలి, కాలనీ మట్టం మీ రోడ్డు మట్టం కంటే తక్కువ ఉండకూడదు, రోడ్డు వెడల్పు చెయ్యాలి. ఈ అర్జీ సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వచ్చు. డ్రైన్ల శాఖ ఇంజనీరుకీ, పంచాయతీకీ ఒక్కో కాపీ. దీనితో పాటు మీ లేఅవుట్ మంజూరు ప్లాను సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. డ్రైను ఎక్కడ చూపించారో, అది ఇప్పుడు ఉందో లేదో బయటపడుతుంది. ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. లేఅవుట్ వేసినాయన మీ అసోసియేషన్‌లో పలుకుబడి ఉన్న మనిషయితే, ఆ ప్లాను బయటికి రావడం ఆయనకి నచ్చదు. దానికి సిద్ధపడండి. మీరు ఒక్కరే కాకుండా, నీళ్ళు ఎక్కువ నిలిచే చివరి వీధి వాళ్ళని ఒకరిద్దరిని కలుపుకోండి. వాళ్ళకి కావలసింది కూడా నీళ్ళు పోవడమే.

నేనైతే మూడో దారి వైపే మొగ్గుతాను. కానీ ఆ వీధిలో బతకవలసింది మీరు. మీ ఆరోగ్యం, మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. అంత తిరగలేకపోతే రెండో దారి పట్టి, డ్రైనేజీ అర్జీ మీద మాత్రం ఒక్క సంతకం పెట్టినా మేలే.

మీ ఆయన గురించి ఉత్తరంలో కోపంగా ఎక్కడా రాయలేదు. మంచి సూచన అది. ఆయనతో "మీరు పేదల ఇళ్ళకి వ్యతిరేకం" అని మొదలుపెట్టకండి. "మన నీళ్ళ బాధ తీరాలంటే ఏ కాగితం పనికొస్తుంది?" అని అడగండి. లాయరుకిచ్చే డబ్బుకి బదులు ఒక మంచి సర్వేయరుతో మట్టాలు కొలిపిస్తే ఎంతవుతుందో లెక్క వెయ్యమనండి. ఆయన కోశాధికారి, లెక్క చూస్తే ఆలోచిస్తారు. మీటింగులో ఆయన ఒప్పుకోకపోయినా, భార్య సంతకం గురించి ఎవరైనా నిలదీస్తే "ఆవిడ ఆస్తి, ఆవిడ ఇష్టం" అన్న ఒక్క మాట అనగలరా అని ముందే అడిగి ఉంచండి.

ఇక సత్యవతి. మీ ఉత్తరమంతా ఆమె గురించే ఉంది. ఆమెకి ఏం కావాలో మాత్రం ఎక్కడా లేదు, ఎందుకంటే మీరింకా అడగలేదు. పిటిషన్ సంగతి ఆమెకి చెప్పండి. ఊళ్ళో ఇలాంటివి దాగవు, చాలావరకు ఆమెకి తెలిసే ఉంటుంది. ఆ చేలో స్థలం ఆమెకి నిజంగా కావాలేమో, గట్టు మీది చుట్టాలతో కలిసి ఒకే చోట ఇమ్మని అడగాలనుకుంటోందేమో, మునుగుతుందని భయపడుతోందేమో వినండి. డ్రైనేజీ అర్జీ మీద జాబితాలో ఉన్నవాళ్ళ సంతకాలు కూడా ఉంటే దాని బరువు వేరు. వాళ్ళని అడగకుండా వాళ్ళ తరఫున రాయకండి.

మీరు చేయగలిగిన పనులు ఇంకా ఉన్నాయి. కాలవ గట్టు అభ్యంతరకర పోరంబోకు కిందికి వస్తుంది, అక్కడి ఇంటికి పట్టా రాదు. కాబట్టి గట్టు మీదే ఉండిపోవచ్చని ఎవరైనా ఆశ పెట్టి డబ్బు అడిగితే ఇవ్వొద్దని చెప్పండి. అలాగని రాత్రికి రాత్రి కూల్చడానికీ లేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ముందు నోటీసు ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. బొంబాయి పేవ్‌మెంటు మీద బతికేవాళ్ళ కేసులో 1985లో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేననీ, పద్ధతి ప్రకారమే ఖాళీ చేయించాలనీ చెప్పింది. నోటీసుకి గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. కొత్త స్థలం అప్పగించి, అక్కడ నీళ్ళు, దారి వచ్చేదాకా సమయం కావాలని అందులో అడగాలి. ఆ జవాబు తెలుగులో చక్కగా రాసిపెట్టడం మీకు పెద్ద పని కాదు. ఇచ్చాక రసీదు తీసుకోమనండి.

పట్టా వస్తే ఆమె పేరు మీదే వచ్చిందా, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరాలు ఉన్నాయా, ప్లాటు నంబరు, హద్దులు స్పష్టంగా ఉన్నాయా చూడండి. పట్టా చేతికి రాగానే తెల్లకాగితం మీద రాయించుకుని కొనేస్తామనేవాళ్ళు తయారవుతారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి బదిలీ చెల్లదు, అమ్మిన మనిషి స్థలమూ పోగొట్టుకుంటుంది, మళ్ళీ లబ్ధిదారుల జాబితాలోకీ రాదు. ఆమె భర్తకి అప్పులుంటే ఈ మాట ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. నోటీసు కాపీ, రేషన్ కార్డు, గట్టు మీది ఇంటి కరెంటు బిల్లు, పిల్లల స్కూలు కాగితాలు రెండేసి జిరాక్సులు తీయించి ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకోండి. గట్టు మీది ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ముందు పోయేవి ఆ కాగితాలే.